పరారుణ ఉష్ణోగ్రత మాపనం: సాంకేతిక పదాలు, వాటి అర్థం, సరైన ప్రయోగం

(పాత్రికేయులు, అధికారుల ఉపయోగార్థం సమాచార వ్యాసం)

వస్తువును తాకకుండానే దాని ఉష్ణోగ్రతను తెలిపే పరికరాలు నేడు అనేక రంగాలలో వినియోగంలో ఉన్నాయి. ఆసుపత్రి ద్వారం వద్ద నుదుటికి గురిపెట్టే థర్మల్ గన్, విద్యుత్ ఉపకేంద్రాలలో తీగల అతుకులను పరిశీలించే థర్మల్ కెమెరా, ఉక్కు కర్మాగారంలో కరిగిన లోహపు వేడిని చూపే పైరోమీటర్, భూమి ఉపరితలాన్ని పరిశీలించే ఉపగ్రహం అన్నీ ఒకే సూత్రంపై పనిచేస్తాయి. అది పరారుణ వికిరణ సూత్రం.

ఈ పరికరాలు ఇచ్చే అంకెలు ప్రభుత్వ నివేదికలలోనూ, పత్రికలలోనూ తరచుగా చోటు చేసుకుంటున్నాయి. కాగా, పరికరం చూపిన అంకెను యథాతథంగా ఉష్ణోగ్రతగా స్వీకరించడం వలన పొరపాట్లు జరిగే అవకాశం ఉంది. వేడెక్కిన విద్యుత్ అతుకును సురక్షితమని భావించడం, జ్వరం ఉన్న వ్యక్తిని ఆరోగ్యవంతునిగా పరిగణించడం, నేల వేడిని గాలి వేడిగా ప్రచురించడం ఇటువంటివే. ఈ పొరపాట్లన్నింటికీ మూలం ఒక్కటే. పరారుణ పరికరం ఉష్ణోగ్రతను నేరుగా కొలవదు. వస్తువు ఉపరితలం నుండి వచ్చే వికిరణాన్ని గ్రహించి, కొన్ని ఊహల ఆధారంగా ఉష్ణోగ్రతను లెక్క కడుతుంది. ఆ ఊహలు సరైనవైతేనే అంకె సరైనదవుతుంది. ఆ ఊహలను తెలిపే పదాలను, వాటి సరైన ప్రయోగాన్ని ఈ వ్యాసంలో వివరించడమైనది.

చారిత్రక నేపథ్యం

పరారుణ కిరణాలను 1800వ సంవత్సరంలో ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ కనుగొన్నారు. పట్టకం ద్వారా సూర్యకాంతిని రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగులో ఉష్ణమాపకాన్ని ఉంచి పరిశీలించగా, ఎరుపు రంగుకు ఆవల, కంటికి ఏ వెలుగూ కనిపించని చోట కూడా ఉష్ణమాపకం వేడిని చూపింది. 1860లో గుస్తావ్ కిర్కాఫ్ కృష్ణవస్తువు భావనను ప్రతిపాదించారు. 1879లో జోసెఫ్ స్టీఫాన్ ప్రయోగ ఫలితాల ఆధారంగా చెప్పిన సంబంధాన్ని 1884లో లుడ్విగ్ బోల్ట్జ్‌మన్ సిద్ధాంతపరంగా నిరూపించారు. 1893లో విల్‌హెల్మ్ వీన్, 1900లో మాక్స్ ప్లాంక్ ప్రతిపాదించిన నియమాలతో ఈ శాస్త్రానికి పూర్తి పునాది ఏర్పడింది.

మూల పదాలు

ఉష్ణ వికిరణం: పరమ శూన్య ఉష్ణోగ్రత, అనగా మైనస్ 273.15 డిగ్రీల సెల్సియస్ కంటే వేడిగా ఉన్న ప్రతి వస్తువూ తన ఉపరితలం నుండి నిరంతరం శక్తిని వెలువరిస్తుంది. దీనినే ఉష్ణ వికిరణం అంటారు. మంచుగడ్డ సైతం దీనికి మినహాయింపు కాదు.

తరంగదైర్ఘ్యం: వికిరణాన్ని తరంగాలుగా భావించినపుడు రెండు వరుస శిఖరాల మధ్య దూరం. పరారుణ మాపనంలో దీనిని మైక్రోమీటర్లలో చెబుతారు. ఒక మైక్రోమీటర్ అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. కంటికి కనిపించే కాంతి సుమారు 0.4 నుండి 0.7 మైక్రోమీటర్ల వరకు ఉంటుంది. అంతకు మించిన తరంగదైర్ఘ్యం గలవి పరారుణ కిరణాలు.

కృష్ణవస్తువు: తనపై పడిన వికిరణాన్ని పూర్తిగా శోషించుకుని, ఆ ఉష్ణోగ్రత వద్ద సాధ్యమైన గరిష్ఠ వికిరణాన్ని వెలువరించే ఆదర్శ వస్తువు. ఇది ఒక ప్రమాణం మాత్రమే. పేరులో నలుపు ఉన్నప్పటికీ కంటికి కనిపించే రంగుతో దీనికి నేరుగా సంబంధం లేదు. ప్రయోగశాలలలో దీనికి దగ్గరగా ఉండే కుహరాలను తయారుచేసి పరికరాలను సరిచూసేందుకు ఉపయోగిస్తారు.

స్టీఫాన్ - బోల్ట్జ్‌మన్ నియమం: కృష్ణవస్తువు వెలువరించే మొత్తం వికిరణం దాని పరమ ఉష్ణోగ్రత నాలుగవ ఘాతానికి అనులోమానుపాతంలో ఉంటుంది. పరమ ఉష్ణోగ్రతను కెల్విన్‌లలో చెబుతారు. ఈ నియమం ప్రకారం 37 డిగ్రీల సెల్సియస్ వద్ద కృష్ణవస్తువు చదరపు మీటరుకు సుమారు 525 వాట్లు, 38 డిగ్రీల వద్ద సుమారు 531 వాట్లు వెలువరిస్తుంది. అనగా శరీర ఉష్ణోగ్రతలో ఒక డిగ్రీ పెరుగుదలకు వికిరణంలో పెరిగేది 1.3 శాతం మాత్రమే. ఇంత స్వల్ప తేడా ఆధారంగా జ్వరాన్ని గుర్తించవలసి ఉన్నందున, మాపనంలో చిన్న లోపమైనా ఫలితాన్ని తారుమారు చేయగలదు.

వీన్ స్థానభ్రంశ నియమం: వస్తువు వేడెక్కే కొద్దీ అది అత్యధికంగా వెలువరించే వికిరణపు తరంగదైర్ఘ్యం తగ్గుతుంది. 2898ని కెల్విన్‌లలోని ఉష్ణోగ్రతతో భాగిస్తే ఆ తరంగదైర్ఘ్యం మైక్రోమీటర్లలో లభిస్తుంది. మానవ శరీర ఉష్ణోగ్రత వద్ద ఇది సుమారు 9.3 మైక్రోమీటర్లు. 1500 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న కరిగిన లోహానికి సుమారు 1.6 మైక్రోమీటర్లు. ఈ కారణంగానే శరీరానికి వాడే పరికరం కొలిమికి పనికిరాదు, కొలిమికి వాడేది శరీరానికి పనికిరాదు.

ఉపరితలానికి సంబంధించిన పదాలు

ఉద్గారత: పరికరాల పుస్తకాలలో ఎమిసివిటీగా కనిపించే ఈ పదం పరారుణ మాపనానికి కీలకమైనది. ఒక ఉపరితలం వెలువరించే వికిరణానికి, అదే ఉష్ణోగ్రత వద్ద కృష్ణవస్తువు వెలువరించే వికిరణానికి గల నిష్పత్తిని ఉద్గారత అంటారు. దీని విలువ సున్న నుండి ఒకటి వరకు ఉంటుంది. మానవ చర్మానికి ఇది సుమారు 0.98. చర్మం రంగు ఏదైనా ఈ విలువలో చెప్పుకోదగిన తేడా ఉండదు. నీరు, మట్టి, కలప, తారు, సాధారణ రంగు పూతలు 0.9కు అటూ ఇటూ ఉంటాయి. మెరుగుపెట్టిన అల్యూమినియం, రాగి వంటి లోహాలకు ఇది 0.1 లేదా అంతకంటే తక్కువ. తుప్పు లేదా ఆక్సైడ్ పొర పట్టిన కొద్దీ లోహపు ఉద్గారత పెరుగుతుంది.

శోషణత, పరావర్తనత, పారగమ్యత: ఉపరితలంపై పడిన వికిరణంలో లోనికి గ్రహించబడిన భాగం శోషణత, తిరిగి మళ్లిన భాగం పరావర్తనత, ఆవలికి దూసుకుపోయిన భాగం పారగమ్యత. ఈ మూడింటి మొత్తం ఒకటి. కిర్కాఫ్ నియమం ప్రకారం ఒకే తరంగదైర్ఘ్యం వద్ద శోషణత, ఉద్గారత సమానం. కావున కిరణాలు ఆవలికి పోని వస్తువులో ఉద్గారత తగ్గిన మేరకు పరావర్తనత పెరుగుతుంది. మెరిసే లోహం పరారుణ కిరణాలకు అద్దం వంటిది.

కంటికి పారదర్శకమైనది పరారుణ కిరణాలకు పారదర్శకం కానవసరం లేదు. సాధారణ కిటికీ గాజు 5 మైక్రోమీటర్లకు మించిన తరంగదైర్ఘ్యం గల కిరణాలను దాదాపుగా పోనివ్వదు. కారు అద్దం వెనుక ఉన్న వ్యక్తిపై థర్మల్ గన్ గురిపెడితే లభించేది అద్దపు ఉష్ణోగ్రతే. ఇందుకు భిన్నంగా, కంటికి అపారదర్శకమైన జెర్మేనియం పరారుణ కిరణాలను పోనిస్తుంది. థర్మల్ కెమెరాల కటకాలను అందుకే దానితో తయారుచేస్తారు.

ప్రతిఫలిత ఉష్ణోగ్రత: కొలుస్తున్న ఉపరితలంపై పడి పరావర్తనం చెంది పరికరంలోకి ప్రవేశించే పరిసరాల వికిరణానికి సరిపడే ఉష్ణోగ్రత. నాణ్యమైన పరికరాలలో దీనిని విడిగా నమోదు చేసే వీలు ఉంటుంది.

ఉద్గారత సరిగా లేనపుడు జరిగే నష్టాన్ని ఒక లెక్క ద్వారా గ్రహించవచ్చును. ఉపకేంద్రంలో మెరుగుపెట్టిన లోహపు అతుకు 100 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కి ఉన్నది, దాని ఉద్గారత 0.1, పరిసరాలు 30 డిగ్రీల వద్ద ఉన్నాయి అనుకొనవలెను. పరికరంలో ఉద్గారతను 0.95గా ఉంచి కొలిచితే, స్టీఫాన్ - బోల్ట్జ్‌మన్ నియమం ప్రకారం అది చూపేది సుమారు 40 డిగ్రీలే. ప్రమాదస్థాయికి చేరిన అతుకు ఆ అంకెలో సురక్షితంగా కనిపిస్తుంది. కొలిచే చోట ముందుగానే, విద్యుత్ సరఫరా నిలిపివేసిన సమయంలో, నల్లని ఇన్సులేషన్ టేపు అతికించడం లేదా మెరుపు లేని రంగు పూయడం ద్వారా ఈ లోపాన్ని నివారిస్తారు. సరఫరా ఉన్న భాగాలను తాకడం ప్రాణాంతకం.

దూరం, గురికి సంబంధించిన పదాలు

దృష్టి క్షేత్రం, మాపన వలయం: పరికరం ఒక బిందువును కాక ఒక వలయాన్ని చూస్తుంది. ఆ వలయంలోని ఉపరితలాలన్నింటి వికిరణపు సగటు ఆధారంగా ఒకే అంకెను ఇస్తుంది.

దూర - వలయ నిష్పత్తి: పరికరానికి, వస్తువుకు మధ్య దూరానికి, మాపన వలయపు వ్యాసానికి గల నిష్పత్తి. పరికరంపై 12:1 అని ఉంటే 12 సెంటీమీటర్ల దూరంలో వలయం ఒక సెంటీమీటరు, 3 మీటర్ల దూరంలో 25 సెంటీమీటర్లు, 6 మీటర్ల దూరంలో 50 సెంటీమీటర్లు అవుతుంది. 6 మీటర్ల ఎత్తున ఉన్న 10 సెంటీమీటర్ల క్లాంపును నేల మీద నుండి ఇటువంటి పరికరంతో కొలిచితే, వలయంలో అత్యధిక భాగం ఆకాశమే ఉంటుంది. నిర్మలమైన ఆకాశం పరారుణ పరికరానికి గాలి కంటే చాలా చల్లగా కనిపిస్తుంది. ఫలితంగా క్లాంపు వేడి అంకెలో మరుగున పడుతుంది. కొలిచే వస్తువు మాపన వలయం కంటే పెద్దదిగా, వీలైతే రెట్టింపు పరిమాణంలో ఉండాలన్నది పాటించవలసిన నియమం.

లేజర్ గురి: పారిశ్రామిక పరికరాలలో ఎర్రని చుక్కను చూపే లేజర్ కిరణం గురి చూపేందుకు మాత్రమే ఉద్దేశించినది. ఉష్ణోగ్రతను కొలిచేది అది కాదు, వలయపు పరిమాణాన్ని ఆ చుక్క తెలియజేయదు. లేజర్ గల పరికరాన్ని ముఖంపై గురిపెట్టరాదు. కాగా, పరారుణ ఉష్ణమాపకం నుదుటిలోనికి కిరణాలను పంపుతుందని, మెదడుకు హాని చేస్తుందని కోవిడ్-19 కాలంలో జరిగిన ప్రచారం నిరాధారమైనది. పరికరం శరీరం నుండి వచ్చే వికిరణాన్ని స్వీకరిస్తుంది, శరీరంలోనికి వికిరణాన్ని పంపదు.

వాతావరణ గవాక్షం: గాలిలోని నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు కొన్ని తరంగదైర్ఘ్యాల వద్ద పరారుణ కిరణాలను శోషిస్తాయి. ఆటంకం తక్కువగా ఉండే 3 నుండి 5, 8 నుండి 14 మైక్రోమీటర్ల పరిధులను వాతావరణ గవాక్షాలు అంటారు. సాధారణ ఉష్ణోగ్రతలకు వాడే చాలా పరికరాలు రెండవ పరిధిలో పనిచేస్తాయి. పొగ, ధూళి, ఆవిరి అడ్డు వచ్చినపుడు అంకె మారుతుంది.

పరికరాల రకాలు

బిందు ఉష్ణమాపకం: ఒక వలయపు సగటును ఒకే అంకెగా చూపేది. వాడుకలో థర్మల్ గన్ అని పిలువబడుతున్నది ఇదే. నుదుటి ఉష్ణమాపకం, చెవి ఉష్ణమాపకం ఈ కోవలోనివే.

పైరోమీటర్: పరిశ్రమలలో అధిక ఉష్ణోగ్రతల కొరకు వాడే పరికరం. రెండు తరంగదైర్ఘ్యాల వద్ద వికిరణాన్ని కొలిచి వాటి నిష్పత్తి ఆధారంగా ఉష్ణోగ్రతను లెక్కించే దానిని నిష్పత్తి పైరోమీటర్ లేదా రెండు రంగుల పైరోమీటర్ అంటారు. రెండు తరంగదైర్ఘ్యాల వద్ద ఉద్గారత ఒకే రీతిగా ఉన్నంత వరకు ధూళి, పొగ వలన కలిగే లోపం ఇందులో తక్కువ. కొలిమి వద్ద దీనికి గల ప్రాధాన్యం అందువల్లనే.

థర్మల్ కెమెరా: వేల సంఖ్యలో సూక్ష్మ శోధకాల సహాయంతో ఉపరితలంపై వేడి పంపిణీని చిత్రంగా చూపేది. ఈ చిత్రంలోని రంగులు వస్తువు రంగులు కావు. ఉష్ణోగ్రతల పరిధిని రంగులుగా విభజించి పరికరమే కేటాయిస్తుంది. పరిధి 25 నుండి 30 డిగ్రీల వరకు ఉన్నపుడు 30 డిగ్రీల గోడ కూడా ఎర్రగా కనిపిస్తుంది. పరిధి 25 నుండి 300 డిగ్రీల వరకు ఉంటే అదే గోడ నీలంగా మారుతుంది. కావున పక్కన రంగుల కొలబద్ద లేని థర్మల్ చిత్రాన్ని ప్రచురించినపుడు పాఠకునికి ఎటువంటి సమాచారమూ అందదు.

ప్రతిస్పందన కాలం: ఉష్ణోగ్రత మారిన తరువాత పరికరం తుది విలువలో నిర్ణీత శాతానికి, సాధారణంగా 95 శాతానికి, చేరుకునేందుకు పట్టే సమయం. వేగంగా కదులుతున్న వస్తువులను కొలిచేటపుడు ఇది ముఖ్యం.

నాణ్యతను తెలిపే పదాలు

విభేదనం: పరికరం చూపగల అతి చిన్న అంకె. తెరపై 36.8 కనిపిస్తే విభేదనం 0.1 డిగ్రీ. అంతమాత్రాన అంకె 0.1 డిగ్రీ వరకు సరైనదని అర్థం కాదు.

ఖచ్చితత్వం: చూపిన విలువ నిజ విలువకు ఎంత దగ్గరగా ఉన్నదో తెలిపేది. సాధారణ పారిశ్రామిక పరికరాలలో ఇది 2 డిగ్రీలు లేదా 2 శాతం, ఏది ఎక్కువైతే అది, అని పేర్కొనబడి ఉంటుంది. అటువంటి పరికరం 36.8 చూపితే నిజ ఉష్ణోగ్రత 34.8 నుండి 38.8 వరకు ఎక్కడైనా ఉండవచ్చును. జ్వర నిర్ధారణకు పారిశ్రామిక పరికరం పనికిరాకపోవడానికి ఈ ఒక్క కారణమే చాలు.

పునరావృత్తి: ఒకే వస్తువును ఒకే పరిస్థితులలో మళ్లీ మళ్లీ కొలిచినపుడు అంకెలు ఒకదానితో ఒకటి ఏకీభవించే గుణం. ప్రతిసారీ ఒకే తప్పు అంకెను చూపే పరికరానికి మంచి పునరావృత్తి ఉండి, ఖచ్చితత్వం లోపించవచ్చును.

ఉష్ణ సూక్ష్మగ్రాహ్యత: థర్మల్ కెమెరా గుర్తించగల అతి స్వల్ప ఉష్ణోగ్రతా భేదం. అనేక కెమెరాలలో ఇది 0.05 డిగ్రీ ఉండగా, అదే కెమెరా ఖచ్చితత్వం 2 డిగ్రీలు మాత్రమే ఉండవచ్చును. పక్కపక్కన ఉన్న రెండు చోట్లను పోల్చడంలో కెమెరా సమర్థమైనది, ఒక్కొక్క చోటి నిజ విలువను చెప్పడంలో అంత సమర్థమైనది కాదు.

క్రమాంకనం: తెలిసిన ఉష్ణోగ్రత గల కృష్ణవస్తు మూలంతో పరికరపు అంకెను సరిపోల్చి తేడాను నమోదు చేయడం. సరిపోల్చిన ప్రమాణం అంచెలంచెలుగా జాతీయ ప్రమాణంతో ముడిపడి ఉండడాన్ని ప్రమాణానుసంధానం అంటారు. భారతదేశంలో జాతీయ ప్రమాణాలను నిర్వహించేది న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. క్రమాంకన ప్రయోగశాలలకు ఐఎస్‌ఓ/ఐఈసీ 17025 ప్రమాణం మేరకు ఎన్ఏబీఎల్ గుర్తింపు ఇస్తుంది. 1990 నాటి అంతర్జాతీయ ఉష్ణోగ్రతా మానంలో వెండి ఘనీభవించే 961.78 డిగ్రీల సెల్సియస్‌కు పైన ఉష్ణోగ్రతను నిర్వచించేది ప్లాంక్ వికిరణ నియమమే.

పరిసర సమతాస్థితి: పరికరం ఉన్న గది వాతావరణానికి సర్దుకునే స్థితి. శీతలీకరణ గదిలో ఉంచిన పరికరాన్ని ఎండలోకి తెచ్చిన వెంటనే వాడితే అంకె తప్పుతుంది. తయారీదారు సూచించిన వ్యవధి వరకు వేచి ఉండాలి.

వినియోగ రంగాలు: అంకె అర్థం మారే సందర్భాలు

విద్యుత్ పరికరాల తనిఖీ: ఇక్కడ ముఖ్యమైన పదం ఉష్ణోగ్రతా భేదం. ఒకే రకమైన మూడు ఫేజులలో, ఒకే లోడు వద్ద, ఒకటి మిగిలిన రెండింటి కంటే ఎంత వేడిగా ఉన్నదో దీని ద్వారా తెలుస్తుంది. అతుకులో పుట్టే వేడి విద్యుత్ ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. లోడు సగమైతే వేడి నాలుగవ వంతుకు తగ్గుతుంది. అందువలన తెల్లవారుజామున తక్కువ లోడు వద్ద జరిపిన తనిఖీలో దొరకని లోపం సాయంత్రపు అధిక లోడు వేళ మంటలకు దారితీయవచ్చును. తనిఖీ సమయంలోని లోడు, గాలి వేగం నమోదు కాని నివేదిక అసంపూర్ణం.

నిల్వలు: పరారుణ పరికరం ఉపరితలాన్ని మాత్రమే చూస్తుంది. గనుల వద్ద, థర్మల్ విద్యుత్ కేంద్రాల వద్ద ఉండే బొగ్గు కుప్పలు లోపల తమంతట తాము వేడెక్కి రాజుకునే స్వభావం కలవి. పైపొర చల్లగా కనిపించినంత మాత్రాన లోపల ప్రమాదం లేదని నిర్ధారించరాదు. శీతల గిడ్డంగిలోని మిరప బస్తాలకు, టీకాల పెట్టెలకు కూడా ఇదే వర్తిస్తుంది. బస్తా పైన లభించిన అంకె గోనెసంచి ఉష్ణోగ్రత, పెట్టె పైన లభించినది పెట్టె ఉష్ణోగ్రత. 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచవలసిన టీకాలకు పెట్టె లోపల ఉంచిన ఉష్ణమాపకమే ఆధారం.

జ్వర పరిశీలన: 2003లో సార్స్ వ్యాధి ప్రబలిన కాలంలో ఆసియా దేశాల విమానాశ్రయాలలో థర్మల్ కెమెరాల వినియోగం విస్తరించింది. 2020 జనవరిలో చైనా నుండి వచ్చే ప్రయాణికులకు హైదరాబాద్‌తో సహా దేశంలోని 7 విమానాశ్రయాలలో థర్మల్ పరిశీలన నిర్వహించారు. అనంతరం కార్యాలయాలు, దుకాణాల ద్వారాల వద్ద థర్మల్ గన్ సర్వసాధారణమైంది.

ఇందులో మూడు ఉష్ణోగ్రతలను వేరుగా గుర్తించాలి. చర్మ ఉష్ణోగ్రత, నుదుటి ఉపరితలంపై నిజంగా ఉన్నది. అంతర శరీర ఉష్ణోగ్రత, లోపలి అవయవాలది. సవరించిన ఉష్ణోగ్రత, చర్మపు అంకెకు పరికరం తన సూత్రం ప్రకారం కొంత కలిపి నోటి ఉష్ణోగ్రతకు సమానంగా చూపేది. నుదురు సాధారణంగా లోపలి శరీరం కంటే చల్లగా ఉంటుంది. చెమట, ఫ్యాను గాలి, శీతలీకరణ గది దానిని మరింత చల్లబరుస్తాయి. ఎండలో నడిచి వచ్చిన వ్యక్తి నుదురు జ్వరం లేకున్నా వేడిగా ఉంటుంది. పరికరంలో శరీర రీతి, ఉపరితల రీతి అని రెండు ఉన్నపుడు ఉపరితల రీతిలో కొలిచితే ఆ సవరణ జరగదు. ముంజేతిపై కొలిచినపుడు నుదుటి కొరకు ఉద్దేశించిన సవరణ వర్తించదు.

జ్వర పరిశీలనకు వాడే థర్మల్ కెమెరాలకు ఐఈసీ 80601-2-59 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉన్నది. దీని ప్రకారం కొలవదగిన చోటు నుదురు కాదు, కంటి లోపలి మూల. ఒక్కొక్కరినీ విడిగా, కళ్లద్దాలు తీయించి, ముఖం కెమెరాకు ఎదురుగా ఉండేలా పరిశీలించాలి. గుంపుగా నడిచి వెళ్లేవారిపై కెమెరాను తిప్పడం ఈ ప్రమాణానికి అనుగుణం కాదు. పరికరం ఎంత నాణ్యమైనదైనా అది చూపేది వేడిని మాత్రమే. జ్వరం లేకుండా వ్యాధిని మోసుకు తిరిగేవారిని, జ్వరం మాత్ర వేసుకున్నవారిని అది గుర్తించదు. కావున థర్మల్ పరిశీలన ప్రాథమిక వడపోత మాత్రమే, వ్యాధి నిర్ధారణ కాదు. అనుమానం ఉన్న ప్రతి సందర్భంలోనూ వైద్య ఉష్ణమాపకంతో తిరిగి కొలవాలి.

ఉపగ్రహ మాపనం: వేసవిలో పత్రికలలో అత్యధికంగా గందరగోళానికి గురయ్యే అంశమిది. 2016లో ప్రయోగించిన ఇన్సాట్-3డీఆర్, 2024 ఫిబ్రవరి 17న ప్రయోగించిన ఇన్సాట్-3డీఎస్ శ్రీహరికోట నుండే కక్ష్యకు వెళ్లాయి. ఇటువంటి ఉపగ్రహాలు పరారుణ పరిధిలో భూ ఉపరితల ఉష్ణోగ్రతను అంచనా వేస్తాయి. ఇది తారు రోడ్డు, రేకుల కప్పు, బీడు నేల, చెట్ల ఆకులు వంటి పైభాగాల వేడి. మేఘాలు అడ్డు వచ్చిన చోట నేల కనిపించదు.

వాతావరణ శాఖ ప్రకటించే గరిష్ఠ ఉష్ణోగ్రత దీనికి భిన్నమైనది. అది నేరుగా ఎండ తగలకుండా, గాలి ఆడేలా చీలికలు గల తెల్లని పెట్టెలో, నేలకు మీటరుకు పైగా ఎత్తున ఉంచిన ఉష్ణమాపకం చూపే గాలి ఉష్ణోగ్రత. గాలి 42 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం తారు రోడ్డు 60 డిగ్రీలు దాటడం అసాధారణం కాదు. ఆ రెండూ నిజమే, కానీ అవి రెండు వేర్వేరు ఉష్ణోగ్రతలు.

భారత వాతావరణ శాఖ వడగాలుల ప్రమాణాలు గాలి ఉష్ణోగ్రతకు మాత్రమే వర్తిస్తాయి. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, సాధారణం కంటే 4.5 నుండి 6.4 డిగ్రీలు ఎక్కువైతే వడగాలులు, 6.4 డిగ్రీలకు మించితే తీవ్ర వడగాలులు. సాధారణంతో నిమిత్తం లేకుండా 45 డిగ్రీలు చేరితే వడగాలులు, 47 డిగ్రీలు చేరితే తీవ్ర వడగాలులు. ఉపగ్రహపు నేల ఉష్ణోగ్రతను ఈ హద్దులతో పోల్చి శీర్షిక పెడితే ప్రజలలో అనవసర ఆందోళన కలుగుతుంది. మరునాడు వెలువడే అసలు హెచ్చరికపై నమ్మకం తగ్గుతుంది. వడగాలుల హెచ్చరికను ప్రజలు పట్టించుకోకపోవడం ప్రాణాల మీదికి వచ్చే విషయం.

వార్తలలో, నివేదికలలో పాటించదగిన ప్రయోగాలు

"నగరంలో 55 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదు" అనుటకు బదులు, అంకె ఉపగ్రహానిదైతే "భూ ఉపరితల ఉష్ణోగ్రత 55 డిగ్రీలు, అదే రోజు గాలి ఉష్ణోగ్రత ఇంత" అని వ్రాయాలి.

"థర్మల్ స్కానర్ ద్వారా వ్యాధి గుర్తింపు" అనుటకు బదులు "థర్మల్ పరిశీలనలో అధిక ఉష్ణోగ్రత గుర్తింపు" అని వ్రాయాలి.

"కెమెరాలో ఎర్రగా కనిపించిన ప్రమాదకర భాగం" అనుటకు బదులు, ఆ భాగపు ఉష్ణోగ్రతను, పోల్చిన భాగపు ఉష్ణోగ్రతను, రెండింటి భేదాన్ని పేర్కొనాలి.

"పరికరం 0.1 డిగ్రీ ఖచ్చితత్వం గలది" అని సరఫరాదారు చెప్పినపుడు అది ఖచ్చితత్వమా, విభేదనమా అని అడిగి తెలుసుకోవాలి. కొనుగోలు నిబంధనలలో ఈ రెండింటినీ వేర్వేరుగా చూపాలి.

అంకెను స్వీకరించే ముందు అడగవలసిన ఏడు ప్రశ్నలు

1. కొలిచినది ఏ ఉపరితలం? గాలా, నేలా, చర్మమా, లోహమా?
2. పరికరంలో ఉద్గారత ఎంతగా ఉంచారు? ఉపరితలం మెరిసేదా?
3. ఎంత దూరం నుండి కొలిచారు? ఆ దూరంలో వలయం వస్తువు కంటే చిన్నదేనా?
4. మధ్యలో గాజు, ఆవిరి, పొగ వంటి అడ్డు ఏదైనా ఉన్నదా?
5. పరికరం ఆ పనికి ఉద్దేశించినదేనా? దాని ఖచ్చితత్వం ఎంత?
6. చివరిసారి క్రమాంకనం ఎప్పుడు, ఏ గుర్తింపు పొందిన ప్రయోగశాలలో జరిగింది?
7. కొలిచిన వేళ పరిసర ఉష్ణోగ్రత, గాలి, విద్యుత్ లోడు వంటి పరిస్థితులు నమోదయ్యాయా?

ఈ ప్రశ్నలకు సమాధానాలు లభించిన అంకెను నివేదికలో చేర్చవచ్చును, దానిపై నిర్ణయం తీసుకొనవచ్చును. సమాధానాలు లేని అంకెను మరల కొలిపించి సరిచూసిన తరువాతనే వినియోగించడం శ్రేయస్కరం.